వెలిగామలో వారం: మావయ్య బోర్డు, అల్లుడి బోర్డు

మొదటి రోజు: కొలంబో నుంచి రైలు

నా దగ్గర ఆరడుగుల సర్ఫ్ బోర్డు ఒకటుంది. మూడేళ్ల కిందట చెన్నై పక్కన కోవళంలో ఒకాయన వదిలించుకుంటుంటే కొన్నాను. సన్నగా, ముక్కు సూదిగా, అడుగున చేప రెక్కల్లాంటి మూడు ఫిన్లతో చూడ్డానికి రాకెట్‌లా ఉంటుంది. చంకలో పెట్టుకుని రుషికొండ ఇసుకలో నడుస్తుంటే నలుగురూ తలతిప్పి చూసేవారు. నీళ్లలోకి దిగాక ఆ నలుగురే జాలిపడేవారు. మూడేళ్లలో దాని మీద నేను సరిగ్గా నిలబడి సాగిన అలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు రుషికొండ అలలది అనుకున్నాను కొన్నాళ్లు. తర్వాత నా వయసుది అనుకున్నాను. బోర్డుది అనుకోవడానికి మాత్రం మనసొప్పలేదు. డబ్బు పోసి కొన్నది మరి.

జనవరి చివర్లో వారం సెలవు దొరికితే శ్రీలంక దక్షిణ తీరానికి బయల్దేరాం, నేనూ మా అక్క కొడుకూ. అక్కడ వెలిగామ నుంచి అహంగామ దాకా పది పన్నెండు కిలోమీటర్ల లోపలే ఇసుక మీద మెత్తగా విరిగే అలలున్నాయి, రాతి మీద నిలువుగా లేచేవున్నాయి. ఎడమకి పోయేవీ, కుడికి పోయేవీ ఉన్నాయి. అద్దె బోర్డులకి కరువు లేదు. దొరికిన ఆకారమల్లా తొక్కి చూసి, ఇంటికొచ్చేలోగా నాకు ఏది సరిపడుతుందో తేల్చుకోవాలన్నది నా లెక్క. నాకు 42 ఏళ్లు, 82 కిలోలు. వాడికి 23 ఏళ్లు, 58 కిలోలు, అందులోనూ సగం జుట్టే. ఈ బరువుల తేడాయే మా యాత్రకి అసలు కొలబద్ద అవుతుందని అప్పటికి తెలీదు.

చెన్నై విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి నా బోర్డు సంచీని టేపుతో కొలిచి, "ఇందులో ఏముంది సార్?" అంది.

"ఇస్త్రీ బల్ల" అన్నాడు మేనల్లుడు, నేను నోరు తెరిచేలోగా.

ఆమె నవ్వలేదు. అదనపు సామాను డబ్బు మాత్రం కట్టించుకుంది.

కొలంబో ఫోర్ట్ స్టేషన్లో గాలే పట్టణం వైపు రైలెక్కి కుడివైపు కిటికీ పట్టాం. ఊరు దాటగానే సముద్రం పట్టాల పక్కకి వచ్చేస్తుంది. కొన్నిచోట్ల తలుపు దగ్గర నిలబడితే తుంపర మొహాన పడుతుంది. అల్లుడు ప్రతి అలకీ మార్కులేస్తూ కూర్చున్నాడు. హిక్కడువకి ముందు పెరలియ వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ నిండు రైలుని ముంచేసింది ఇక్కడే. ఒక్క రైలుతో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ కాసేపు వాడు మార్కులెయ్యలేదు. విశాఖలో ఆ ఉదయం నేను బీచ్ రోడ్డులోనే ఉన్నాను. నీళ్లు వెనక్కి తగ్గడం, జనం పరుగులు తీయడం కళ్లారా చూసినవాణ్ణి.

చీకటి పడే వేళకి వెలిగామలో దిగాం.

రెండో రోజు: వెలిగామ, ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు

వెలిగామ అఖాతం చంద్రవంకలా ఉంటుంది. ఒడ్డు పొడుగునా రంగురంగుల బోర్డులు తడికెల్లా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో తడిక దగ్గర ఒక్కో కుర్రాడు "సర్ఫ్ లెసన్, సర్ఫ్ లెసన్" అంటూ పిలుస్తుంటాడు. మాకు బోర్డులిచ్చినతను మేనల్లుణ్ణి చూసి "మల్లీ!" అన్నాడు. వాడు వెనక్కి తిరిగి ఏ అమ్మాయిని పిలుస్తున్నాడా అని వెతికాడు. సింహళంలో మల్లీ అంటే తమ్ముడట. నన్ను "అయ్యా" అన్నాడు. నేను గౌరవం అనుకుని పొంగిపోయాను. అంటే అన్న అని తర్వాత తెలిసింది. వారమంతా మా వాడు మల్లీయే.

అతను నా రాకెట్‌ని సంచీలోంచి సగం లాగి చూసి, మళ్లీ లోపలికి తోసేసి, ఎనిమిదడుగుల నీలం ఫోమ్ బోర్డు చేతిలో పెట్టాడు. పైన స్పాంజిలా మెత్తగా ఉంటుంది, తలకి తగిలినా బొప్పి కట్టదు. అలాంటిదాంట్లో 80 లీటర్ల దాకా ఘనపరిమాణం ఉంటుంది. నా రాకెట్‌ది 27. బోర్డు ఎంత బరువు మోయగలదో చెప్పేది ఈ లీటర్లే. నేను మూడేళ్లు పొడవునీ రంగునీ చూశాను తప్ప ఈ అంకె వైపు కన్నెత్తలేదు.

మొదటి అలకే లేచి నిలబడ్డాను. రెండోదానికీ అంతే. పొద్దున్న గంటన్నరలో నేను పట్టిన అలలు, మూడేళ్లలో రుషికొండలో పట్టినవాటికన్నా ఎక్కువ. సిగ్గుపడాలో సంతోషించాలో తెలియలేదు.

ఇందులో నా గొప్పేం లేదు, అంతా అడుగున ఉన్న ఇసుకది. అల తన ఎత్తుకి ఒకటింబావు రెట్ల లోతుకి వచ్చేసరికి విరుగుతుంది. వెలిగామలో ఇసుక నేల చాలా తక్కువ వాలుతో, మెల్లగా పైకి వస్తుంది. అందుకని అల ఒక్కసారిగా కూలదు. శిఖరం నుంచి నురగ కొంచెం కొంచెంగా జారుతూ, పాలు పొంగినట్టు వస్తుంది. నడుమెత్తు అల విరిగేచోట గంటకి పదమూడు పధ్నాలుగు కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. చేతులతో ఈదే మనిషి వేగం అందులో సగం కూడా ఉండదు. మిగిలిన తేడా బోర్డే పూడ్చాలి. పొడుగ్గా, లావుగా, అడుగు చదునుగా ఉన్న బోర్డు నీటి మీద తేలి జారుతుంది కాబట్టి అల ఇంకా నిలువెక్కకముందే దానితో కలిసిపోతుంది. నా రాకెట్ మీద పడుకుంటే ఛాతీ దాకా నీళ్లలో ఉండేవాణ్ణి. అది ఈత కాదు, దున్నడం.

మధ్యాహ్నానికి మేనల్లుడికి విసుగొచ్చింది. "ఇది బోర్డేటి మావయ్యా, పరుపు. తిప్పితే తిరగదు" అన్నాడు. నిజమే. నురగలో నేరుగా ఒడ్డుకి రావడం తప్ప దానికి ఇంకో విద్య రాదు. పైగా అక్కడ జనం. ఒకే అల మీద ఏడుగురు లేస్తారు, నలుగురు ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. ఒకావిడ బోర్డు నా మోచేతికి తగిలి చిన్న కమిలింత. ఫోమ్ బోర్డు కాబట్టి సరిపోయింది.

మూడో రోజు: అదే అఖాతం, తొమ్మిదడుగుల లాంగ్‌బోర్డు

జనం లేవకముందే, ఆరింటికి దిగాం. ఈ తీరంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొద్దున్న గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అలల మొహం అద్దంలా ఉంటుంది. పదకొండు దాటాక గాలి తిరగబడి నీళ్లన్నీ ముడతలు పడతాయి. మే నుంచి నైరుతి రుతుపవనాలకి ఇక్కడి సముద్రం పోట్లగిత్త అవుతుంది. అప్పుడు సర్ఫర్లంతా మూటాముల్లె సర్దుకుని తూర్పు తీరానికి, అరుగం బే వైపు పోతారు.

ఇవాళ్టి బోర్డు 9 అడుగుల 2 అంగుళాలు. గట్టి ఫైబర్‌గ్లాస్‌ది. గుండ్రటి ముక్కు, వెడల్పాటి తోక, కింద ఒకే ఒక్క పెద్ద ఫిన్. ఎత్తుకోవడమే కష్టం. నెత్తిన పెట్టుకుని పెళ్లివారి బల్లలా మోశాను.

దీని దారి వేరు. తొందరపెడితే కోపం వస్తుంది. అల పట్టాక కొంచెం పక్కకి ఒరిగి, విరుగుతున్న నురగకి ముందు, ఇంకా విరగని పచ్చటి గోడ మీద అడ్డంగా సాగాలి. మలుపు తిప్పాలంటే కాళ్లు వెనక్కి వేసి తోక మీద నిలబడాలి. లారీ రివర్స్ చేసినట్టే, ముందే అనుకుని మొదలుపెట్టాలి. వేగం కావాలంటే ముందుకి నడవాలి. ఆ నడక దగ్గరే ఈ బోర్డు మనిషిని వలలో వేసుకుంటుంది.

తొమ్మిదడుగుల బల్ల కొసన 82 కిలోల మనిషి నిలబడితే ముక్కు మునగాలి కదా? మునగదు. వెనక తోక అల గోడలో ఇరుక్కుని ఉంటుంది. పైనుంచి జారే నీరు ఆ తోక మీదుగా పారుతూ దాన్ని అదిమి పడుతుంది. చిన్నప్పుడు ఏటవాలు బల్ల మీద అవతలి కొసని స్నేహితుడు తొక్కిపట్టుకుంటే ఇవతలి కొసన మనం గాల్లో కూర్చున్నట్టు. పొడుగు బోర్డుల వెడల్పు తోకా, ముక్కు కింద చెంచాలాంటి గుంటా అందుకే. నేను ఆ ఉదయం రెండడుగులు ముందుకి వేశాను. మూడోది వేశాను గానీ అప్పటికి బోర్డు నా కింద లేదు.

మేనల్లుడికి ఇదీ నచ్చలేదు. వాడి బరువుకి ఆ బోర్డు మాట వినలేదు. తోక మీద ఎగిరి తొక్కినా ముక్కు లేవలేదు. "ఏనుగు మీద ఎలక ఎక్కినట్టుంది" అన్నాడు. నేనేమో ఏనుగు మీద రాజుగారిలా ఉన్నాను. నిజంగానే హవాయిలో పాతకాలంలో 'ఒలో' అనే అతి పొడుగు బోర్డులు రాజకుటుంబీకులవి. సామాన్యులు తొక్కినవి 'అలాయా' అనే పొట్టి పలకలు. రాజభోగం అద్దెకి దొరుకుతుంటే మూడేళ్లు నేను పలకతో కుస్తీ పట్టాను.

టిఫిను ఇందియాప్ప, పరిప్పు, పోల్ సంబోల్. మన ఇడియాప్పమే, మన పప్పే. సంబోల్ మాత్రం పచ్చి కొబ్బరీ ఎండుమిరపా ఎండు చేపా కలిపి నూరింది. రెండు ప్లేట్లు తిని పడుకున్నాం.

నాలుగో రోజు: మిడిగామ, లేజీ లెఫ్ట్

రాత్రి సముద్రం చప్పుడు మారింది. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో నాలుగైదు రోజుల కిందట లేచిన తుఫాను తాలూకు ఉబ్బు వచ్చింది. రెండు అలల మధ్య పధ్నాలుగు సెకన్లు లెక్కపెట్టాడు మేనల్లుడు. ఆ వ్యవధి ఎంత పెరిగితే అల వెనకాల అంత బలం ఉన్నట్టు. మన బంగాళాఖాతంలో దగ్గర గాలులకి లేచే అలలు ఏడెనిమిది సెకన్లకే వచ్చి మీద పడతాయి, ఊపిరి తీసుకోనివ్వవు.

త్రీవీలర్ పైకప్పుకి మూడు బోర్డులు కట్టి మిడిగామ వెళ్లాం. 7 అడుగుల 2 అంగుళాల మిడ్‌లెంగ్త్, 48 లీటర్లు, కోడిగుడ్డు ఆకారం. దాంతోపాటు లాంగ్‌బోర్డు. మూడోది నా రాకెట్.

లేజీ లెఫ్ట్ పేరులో ఉన్నట్టే సోమరి అల. రాతి నేల మీద, ఎప్పుడూ ఒకే చోట మొదలై ఎడమవైపుకి విప్పుకుంటూ పోతుంది. ఎడమంటే సర్ఫర్‌కి ఎడమ, ఒడ్డు నుంచి చూసేవాళ్లకి కుడి. నేను ఎడమ కాలు ముందు పెట్టేవాణ్ణి కాబట్టి ఎడమకి పోయే అలకి వీపు చూపించి సాగాలి. మేనల్లుడు కుడి కాలు ముందు పెడతాడు, వాడికి అల ఎదురుగా ఉంటుంది. సర్ఫర్ల భాషలో వాడు గూఫీ. ఆ మాట వాడికి నచ్చదు.

ముందు లాంగ్‌బోర్డు తీసుకెళ్లాను. నిన్నటి సింహాసనం ఇవాళ మంచంకోడు అయింది. అల ఎక్కడం తేలిక, కానీ రాతి మీద అల మొదటి నాలుగు గజాలు నిలువుగా లేస్తుంది. ఆ నిలువులో బోర్డు తిరిగేలోగా ముక్కు నీళ్లలో గుచ్చుకుంది. నేను ముందుకి, బోర్డు పైకి. నీళ్లలోంచి తల ఎత్తి చూస్తే అది నా పక్కనే ధడేల్మని పడింది. అడుగు చదునుగా ఉండటం నిన్న వరమైంది, ఇవాళ శాపమైంది. బోర్డుని పక్కనుంచి చూస్తే ముక్కు నుంచి తోక దాకా ఒక వంపు కనిపిస్తుంది. దాన్ని రాకర్ అంటారు. వంపు తక్కువైతే చదును నీళ్లలో వేగం, నిలువు అలలో మునక. వంపు ఎక్కువైతే నిలువులో దిగడం సుఖం, చదునులో నీళ్లని తోసుకుంటూ ఈడుస్తుంది. రెండూ ఒకే బోర్డులో ఇవ్వగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

తర్వాత ఏడడుగులది. ఈ ఒక్క అల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎనిమిది కావస్తోంది, వరసలో నా ముందు ఇద్దరే ఉన్నారు. ఒకటి వదిలారు. వెనక్కి చూస్తే ముదురు నీలం గట్టులా ఒకటి లేస్తోంది. నాలుగు బారలు వేశాను. ఐదోది వెయ్యబోతుంటే బోర్డు తనంతట తనే ముందుకి జారింది. లేచి, వెనక చేత్తో అల గోడని తాకుతూ వంగాను. గోడ నున్నగా, చల్లగా, వేళ్ల కింద గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు. ముందు మెత్తబడుతుంటే ముందరి కాలు మీద బరువు వేశాను, వేగం తగ్గలేదు. నిలువవుతుంటే వెనక కాలు నొక్కాను, తోక పట్టుకుంది. లాంగ్‌బోర్డు మీదైతే నడవాల్సిన దూరం ఇక్కడ బరువు మార్చుకుంటే చాలు. అల చచ్చిపోయేచోట, పక్కనున్న లోతు నీళ్ల కాలవలోకి తిప్పి దిగిపోయాను. తిరిగి ఈదుకుంటూ వెళ్తుంటే నాకే తెలియకుండా ఏదో కూనిరాగం తీస్తున్నానట. మేనల్లుడు చెప్పాడు.

వాడు అప్పటికి నా రాకెట్ మీద ఉన్నాడు.

ముప్పావు గంట చూశాను. వాడు అల కిందికి దిగి, తిరిగి పైకి ఎక్కి, అంచు మీద నీళ్లు చిమ్మిస్తూ మలుపు తిప్పి, మళ్లీ దిగుతున్నాడు. అదే బోర్డు, మూడేళ్లుగా నన్ను నీళ్లు తాగించిన బోర్డు. 27 లీటర్లు 58 కిలోల వాడికి అతికినట్టు సరిపోయాయి. బయటికొచ్చి, "మావయ్యా, ఇది భలే బోర్డు. నువ్వే..." అని ఆగిపోయాడు.

"నేనే ఏంటిరా?"

"ఏం లేదు. అంతే."

ఐదో రోజు: అహంగామ, గాలి తిరగబడిన రోజు

పొద్దున్నే గాలి సముద్రం మీంచి కొట్టింది. అలలు కనిపించాయి గానీ చిందరవందరగా. పైగా నిన్న చివర్లో మేనల్లుడు రాకెట్ తోకని రాయికి తాకించాడు, బొటనవేలంత పగులు. బాగుచేయించడానికి రోడ్డు పక్కన ఒక షెడ్డుకి వెళ్లాం.

షెడ్డులో తెల్లటి పొడి, రెజిన్ వాసన. పనతను పగులు దగ్గర నోరు పెట్టి గట్టిగా పీల్చి, తుపుక్కున ఉమ్మాడు. "ఉప్పు" అన్నాడు. అంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. బోర్డు లోపలంతా పాలియురేథేన్ ఫోమ్, మధ్యలో నిలువునా సన్నటి కర్ర బద్ద, పైన ఫైబర్‌గ్లాస్ బట్ట, దాని మీద రెజిన్. నీళ్లు చేరితే ఫోమ్ పసుపెక్కి బరువెక్కుతుంది. ఆరకుండా అతికితే లోపలే కుళ్లుతుంది. తోక కిందికి ఉండేలా ఎండలో నిలబెట్టి, "సాయంత్రం" అన్నాడు.

కూర్చున్నంతసేపూ గోడకి ఆనించిన పాత బోర్డులు చూస్తూ గడిపాం. ఒక్కో తోకా ఒక్కో కాలానిది. ఫిన్ లేని రోజుల్లో మలుపు తిప్పాలంటే కాలు నీళ్లలో ఈడ్చేవారు. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ పాత స్పీడ్‌బోటు అడుగుపట్టీ తీసి బోర్డు కింద బిగించాడు. అప్పటినుంచి తోక పక్కకి జారిపోవడం ఆగింది. 1967లో శాన్ డీయేగో కుర్రాడు స్టీవ్ లిస్ మోకాళ్ల మీద తొక్కడానికి ఒక పొట్టి, వెడల్పు బోర్డు చెక్కాడు. తోక రెండుగా చీలి, రెండే ఫిన్లు. అదే ఫిష్. ఆస్ట్రేలియన్ మార్క్ రిచర్డ్స్ 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయింది రెండు ఫిన్ల బోర్డు మీదే. కానీ రెండు ఫిన్లది పెద్ద అలల్లో జారుతుంది. ఆ జారుడు పడలేక ఇంకో ఆస్ట్రేలియన్, సైమన్ ఆండర్సన్, 1980లో మూడో ఫిన్ మధ్యలో పెట్టాడు. మరుసటేడు ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ పోటీలో కొండల్లాంటి అలల్లో దాంతోనే గెలిచాడు. ఆ తర్వాత ప్రపంచమంతా మూడు ఫిన్లకి మారిపోయింది. నా రాకెట్ ఆ వంశమే. అంత గొప్ప వంశం నా కింద ఎంత పరువు పోగొట్టుకుందో!

మూలన ఉన్న ఒక ఫిష్‌ని మేనల్లుడు బయటికి లాగాడు. 5 అడుగుల 10 అంగుళాలు, ఆకుపచ్చ.

"మావయ్యా, ఇది చందువ!"

నిజంగా చందువే. వెడల్పు పొట్ట, చీలిన తోక. పెదజాలరిపేట ఒడ్డున వల దులిపినప్పుడు ఎన్నిసార్లు చూడలేదు! రాకెట్ కన్నా పొట్టిదైనా 36 లీటర్లు ఉంది, వెడల్పంతా భుజాల దగ్గరే. రేపటికి అద్దెకి తీసుకున్నాం.

దారిలో నీళ్లలో పాతిన కర్రల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్లు కనిపించారు. ఫోటో తీయబోతే ఒడ్డునున్న మనిషి డబ్బడిగాడు. ఇప్పుడు చేపలకన్నా ఫోటోలే ఎక్కువ పడుతున్నాయి వాళ్ల గాలాలకి. మన రుషికొండలో గుర్రం మీద ఎక్కించి ఫోటో తీసేవాళ్లు గుర్తొచ్చి ఇచ్చేశాను.

ఆరో రోజు: కబలానా, రాకెట్టూ చందువా

కబలానా దగ్గర ఒక రాతి గుట్ట మీద అల గోపురంలా లేచి రెండు వైపులకీ విరుగుతుంది. అందరూ దాన్ని 'ద రాక్' అంటారు. గాలి మళ్లీ సరైన దిక్కుకి తిరిగింది. అలలు తలెత్తున ఉన్నాయి. నాకు నోరెండింది.

చందువతో మొదలుపెట్టాను. ఈత సుఖం. వెడల్పు వల్ల ఛాతీ నీటి పైనే ఉంది. కుడివైపు అల భుజం దగ్గర, అంటే ఇంకా విరగని అంచున, ఒకటి పట్టాను. అంత వేగం నా జన్మలో చూడలేదు. పొడుగు తక్కువ, వంపు తక్కువ, నిటారుగా పెట్టిన రెండు ఫిన్లు. మలుపులు తిప్పి వేగం పుట్టించాల్సిన పని లేదు, ఊరికే నిలబడితే చాలు, ఐసు మీద రూపాయి బిళ్లలా పోతుంది. అల మధ్యలో మెత్తబడినచోట రాకెట్ అయితే చచ్చి ఆగిపోయేది, ఇది దాటేసింది. రెండోసారి ధైర్యం పెరిగి లోపలికి, గోపురం కిందికి వెళ్లాను. అక్కడ దాని గుణం బయటపడింది. నిలువులో దిగుతూ గట్టిగా మలుపు తిప్పబోతే వెడల్పు తోక నీటిని పట్టుకోలేక పక్కకి జారింది. నేను వీపు మీద పడి, గుండ్రంగా తిరిగి, ఏది పైనో ఏది కిందో తెలియని స్థితిలో పది సెకన్లున్నాను. ముక్కులోంచి సాయంత్రం దాకా ఉప్పునీరు కారింది, ఒకసారి నేరుగా అన్నం పళ్లెంలోకి.

అప్పుడు నా రాకెట్ అడిగాను. తోకకి కొత్త అతుకు, ఇంకా తెల్లగా ఉంది. మేనల్లుడు ఏమీ అనకుండా ఇచ్చాడు. వాడు కాదనకపోవడమే నాకు భయమేసింది.

ఇక్కడొక సంగతి తెలిసింది. నిలువుగా లేచే అలకి ఈత అంతగా అక్కర్లేదు. సరిగ్గా దాని కిందికి వెళ్లి ఉంటే అదే ఎత్తి విసురుతుంది. మూడుసార్లు తడబడి నాలుగోసారి విసిరింది. ముక్కు వంపు ఎక్కువ కాబట్టి గుచ్చుకోలేదు. కిందికి దిగి తోక నొక్కితే మూడు ఫిన్లూ కరుచుకున్నాయి. ముందరి రెండూ లోపలికి మొగ్గి ఉంటాయి కాబట్టి మలుపులో ఒకటి తోస్తుంది, వెనకది జారనివ్వదు. ఒక్క మలుపు. ఒకే ఒక్కటి. ఇరవై గజాల తర్వాత అల మెత్తబడింది, నేను మోకాళ్ల లోతులో కూరుకుపోయి ఆగాను. మూడేళ్లుగా దాన్ని అడగకూడని చోట అడుగుతున్నానని ఆ ఇరవై గజాల్లో అర్థమైంది.

"సూసేను మావయ్యా" అన్నాడు వాడు ఈదుకుంటూ వచ్చి. ఇంకేం అనలేదు. సాయంత్రం కొత్తు రొట్టె డబ్బులు మాత్రం వాడే ఇచ్చాడు.

ఏడో రోజు: మిడిగామ మళ్లీ

పొద్దున్న రామ్స్ అనే అలని రోడ్డు మీంచి చూశాం, అంతే. రాతికి రెండు మూడడుగుల పైన గొట్టంలా తిరిగే కుడి అల. అక్కడ అందరివీ పొట్టి, సన్నటి బోర్డులే. తోకలు గుండ్రంగానో కోసుగానో ఉన్నాయి. వెడల్పు తోక అంత నిలువులో పట్టు దొరక్క పైకి ఎగిరిపోతుంది. మేనల్లుడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను, త్రీవీలర్ని పోనిమ్మన్నాం.

చివరి గంట ఏడడుగుల గుడ్డు మీద లేజీ లెఫ్ట్‌లోనే. అలలు నడుమెత్తుకి తగ్గాయి. పదకొండు పట్టాను. బయటికొచ్చాక షెడ్డుకి వెళ్లి, అలాంటిదే ఒకటి, రెండు అతుకులతో, పసుపెక్కిన ఒంటితో ఉన్నదాన్ని బేరమాడాను. అట్టలూ పాత దుప్పటీ చుట్టి తాళ్లతో కట్టాం. రాకెట్ సంచీ అల్లుడి భుజానికి మారింది. అది ఎవరూ ఎవరికీ ఇచ్చినట్టు జరగలేదు, దానంతట అదే మారింది.

రుషికొండ, పది రోజుల తర్వాత

ఆదివారం పొద్దున్న కొత్త బోర్డుతో దిగాను. నడుమెత్తు అల, ఒడ్డుకి దగ్గరగా, ఏడు సెకన్లకొకటి. మొదటిది చక్కగా పట్టాను, లేచాను. మిడిగామలో ముందరి కాలు మీద బరువు వేసినట్టే వేశాను. ఇక్కడ ఆ రోజు ఇసుక గట్టు దగ్గర అల వాలుగా రాలేదు, గోడలా లేచి ధబ్బున కూలింది. గుడ్డు ముక్కు నేరుగా ఇసుకలోకి వెళ్లింది. నేను దాని మీంచి మొగ్గేశాను. రెండోది అంతే. మూడోదానికి బోర్డు నాకన్నా ముందు ఒడ్డుకి చేరింది. కాస్త అవతల మా వాడు రాకెట్ మీద చకచకా దిగుతూ అరుస్తున్నాడు.

ఒడ్డున ఫైబర్ తెప్ప మీద వల సర్దుకుంటున్న జాలరి తాత చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నాడు. బోర్డు ఎత్తుకుని పైకొస్తుంటే దాని కొస మీద వేలు పెట్టి, తర్వాత తన తెప్ప ముక్కు చూపించాడు. అది మోకాలెత్తున పైకి లేచి ఉంది.

"దీనికి ముక్కు ఏదీ బాబూ? సదునుగా అట్లకాడలాగుంది. మన కెరటానికి ముక్కు లేపాల."

నేను బోర్డుని పక్కకి తిప్పి పట్టుకుని మళ్లీ ఒకసారి వంపు చూశాను.